సొరంగం దాటిన శకుంతలమ్మ

వేడెక్కిన దుమ్ముకు ఒక వాసన ఉంటుంది. ధర్మవరంలో నా రిపేరు షాపులో కంప్యూటర్ మూత విప్పిన ప్రతిసారీ ఆ వాసన ముక్కుకు తగులుతుంది. మొన్న పట్టుచీరల డిజైన్లు గీసే ఒకాయన తన కంప్యూటర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. తెర మిణుకుమంటోందట, వైరస్ పట్టిందని ఆయన గట్టి నమ్మకం. మూత తీశాను. గోరువెచ్చని దుమ్ము గుప్పుమంది. నా ప్రమేయం లేకుండానే నోట్లోంచి మాట జారింది: "వైరస్ నీ కంటికి కనపడిందేమప్పా?" పాపం, ఆయన తెల్లబోయాడు. ఆ మాట నాది కాదు, శకుంతలమ్మది. ఆమె పోయి కొన్నేళ్ళయింది కానీ, ఆమె గొంతు మాత్రం నా గొంతులో కాపురం పెట్టుకుని హాయిగా ఉంది.

మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు కాబట్టి చెబుతాను. హిందూపురంలో మార్కెట్ వెనక వీధిలో చింతపండు, ఎండుమిరపకాయల హోల్‌సేల్ వ్యాపారం చేసే ఇంటి కోడలు. భర్త శెట్టిగారు ఉన్నట్టుండి పోయాడు. ఉమ్మడి ఇంట్లో ఆమె వంతుకని వదిలింది ఒక గోడౌను. అందులోనూ మూటలే దింపుకోవచ్చని ఆమె బావగారు రామయ్యశెట్టి లెక్క వేసుకున్నాడు. ఈమె ఆ గోడౌనుకు సున్నం కొట్టించి, వరుసగా కంప్యూటర్లు పెట్టి, గేమ్ సెంటరు తెరిచింది. రెండువేల మూడో నాలుగో సంవత్సరం. వీధి వీధంతా నోరు వెళ్ళబెట్టింది. అక్కడితో ఆగినా బాగుండు, ఆమె తానే కూర్చుని కార్ల పందెం ఆడటం మొదలుపెట్టింది. నెరిసిన జుట్టు, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు, నైలెక్స్ చీర. తెర మీద కారు కుడికి తిరిగితే ఆమె కుర్చీతో సహా కుడికి ఒరిగేది. కాలేజీ కుర్రాళ్ళు ఆమె వెనక నిలబడి చూసేవాళ్ళు, వెక్కిరించడానికి కాదు, నేర్చుకోవడానికి. అంత బాగా ఆడేది.

నేను పెనుకొండ నుంచి బస్సులో వచ్చి, డిగ్రీ సర్టిఫికెట్లు ఒళ్ళో పెట్టుకుని ఆ సెంటరులో కూర్చున్న రోజు నాకు బాగా గుర్తు. కంప్యూటర్లు చూసుకోవడానికి మనిషి కావాలని విని వెళ్ళాను. ఆమె నా వైపు చూడనైనా లేదు. "ఉండు పాపా, ఈ మలుపు కానీ," అంది. మలుపు కాలేదు, కారు పోయి గోడకు గుద్దుకుంది. అప్పుడు నా వైపు తిరిగి, "ఇప్పుడు నేను యాల గుద్దుకుంటినో చెప్పు," అంది.

"స్పీడు ఎక్కువైంది మేడమ్."

"నువ్వు తెర చూస్తాంటివా, నన్ను చూస్తాంటివా?"

"మిమ్మల్నే మేడమ్."

"తెర చూడకుండా స్పీడు నీకెట్ల తెలిసె?"

ఇక ఉద్యోగం రాదని తేలిపోయింది కనక ఉన్నమాట అనేశాను. "మలుపు దగ్గర మీరు కళ్ళు మూసుకున్నారు మేడమ్." ఆమె ఎంత నవ్విందంటే కళ్ళజోడు ఊడి ఒళ్ళో పడింది. "ఇది చూసి చెప్పిన మాట. ముందు చెప్పింది ఊరికే అనుకొని చెప్పిన మాట. రేపట్నుంచి రా. మేడమ్ అనొద్దు, ఈడ ఎవరూ దొరసానులు లేరు. అమ్మా అను చాలు." అట్లా నా మొదటి ఉద్యోగం కుదిరింది. పరీక్షల్లో తెచ్చుకున్న మార్కుల గురించి ఆమె ఆనాడూ అడగలేదు, తర్వాతా అడగలేదు.

ఆ ఏడు దసరాకు ఆమె బెంగళూరు పోయి ఒక గ్రాఫిక్స్ కార్డు తెచ్చింది. ఆటలోని బొమ్మల్ని గీసి తెర మీదికి పంపే పలక అది. దానికి సొంతంగా ఒక చిన్న ఫ్యాను కూడా ఉండేది. దాన్ని గది మధ్యలోని కంప్యూటర్లో బిగించాం. తెర మీద వానపడి తడిసిన రోడ్డు, ఆ తడిలో దీపాల నీడలు, కారు అద్దం మీద చినుకులు! హిందూపురంలో నిజం వాన కంటే ఆ వాననే జనం ఎక్కువ చూశారు. దానికి 'పెద్దమిషన్' అని పేరు పడింది. మిగతా వాటికి అటువంటి కార్డులు లేవు, వాటిల్లో బొమ్మ ఏదో సాదాసీదాగా వచ్చేది.

కొన్ని నెలలు బాగానే నడిచింది. తర్వాత పెద్దమిషన్ మొండికేసింది. ఆటలో ఒక పొడవైన సొరంగం ఉంటుంది, లోపలంతా దీపాలు. కారు అందులోకి దూరగానే తెర మిణుకుమిణుకుమనేది. ఆ వెంటనే రంగురంగుల ఈటెల్లాంటి గీతలు అడ్డదిడ్డంగా పొడుచుకొచ్చేవి. ఆపైన అంతా నలుపు. కంప్యూటర్ తనంతట తానే ఆగిపోయి మళ్ళీ మొదలయ్యేది. ఊళ్ళో తలా ఒక మాట అన్నారు. కరెంటు బాగాలేదని ఒకరు, బెంగళూరులో ఈమెను మోసం చేశారని ఒకరు. సొరంగానికి దిష్టి తగిలిందని ఒకాయన నిమ్మకాయ కూడా తెచ్చాడు.

నేను చదువుకున్నదాన్ని కదా, వైరస్ అన్నాను. ఆ రోజుల్లో కంప్యూటర్ దగ్గినా తుమ్మినా మేం చేసే వైద్యం ఒక్కటే, మొత్తం చెరిపేసి మళ్ళీ ఎక్కించడం. ఎక్కించాను. పన్లో పనిగా కార్డును నడిపించే డ్రైవర్ అనే ప్రోగ్రాం కొత్తది వేశాను, కేబుల్ మార్చాను, ఆటలో వాన తగ్గించాను. మొదటి పందెం చక్కగా నడిచింది. నేను కాలర్ ఎగరేయడం ఒక్కటే తక్కువ. రెండో పందెంలో అదే సొరంగం, అవే ఈటెలు. శకుంతలమ్మ కోప్పడుతుందనుకున్నాను. ఆమె కుర్చీ నా వైపు తిప్పుకుంది.

"చారు రుచి చెడింది అనుకో. ఉప్పేస్తివి, చింతపండు పిండితివి, కారం చల్లితివి, అన్నీ ఒకేసారి. బాగైంది. దేనికి బాగైంది?"

"తెలీదమ్మా."

"బాగు కాలేదనుకో. యేం తక్కువై కాలేదు?"

"అదీ తెలీదు."

"మరి నువ్వు చేసింది వంటనా, గలాటానా?"

ఆ రోజునుంచి ఆమె ఒక కట్టడి పెట్టింది. ఏదైనా ఒక్కటే మార్చాలి. మార్చాక సొరంగంతో సహా ఒక పందెం పూర్తిగా ఆడాలి. ఆడాక ఏం చూశానో చెప్పాలి, ఏం అనుకుంటున్నానో అడిగితేనే చెప్పాలి. ఆమెకు కంప్యూటర్ లోపల ఏముందో ఇసుమంతా తెలియదు, తెలుసని అనుకోనూ లేదు. కానీ ఎవరు చూసి చెబుతున్నారో, ఎవరు ఊహించి చెబుతున్నారో ఆమెకు ఇట్టే తెలిసిపోయేది. మిరపకాయల బేరంలో పండిపోయిన మనిషి కదా.

సరిగ్గా అప్పుడే ధర్మవరం గేమ్ సెంటరు వాళ్ళ నుంచి కబురు వచ్చింది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, మూడు ఊళ్ళకూ పందెం. వానలో కారు నడిపే ఆట కనక అందరూ పెద్దమిషన్ మీదే, ఒకరి తర్వాత ఒకరు ఆడాలి. ఎవరు త్వరగా చుట్టి వస్తే వాళ్ళు గెలిచినట్టు. హిందూపురం తరఫున ఎవరంటే కుర్రాళ్ళందరూ ఒక్క గొంతుతో శకుంతలమ్మ పేరే చెప్పారు. ఆమె సిగ్గుపడి, వెంటనే ఒప్పుకుంది.

ఈ కబురు రామయ్యశెట్టి చెవిన పడింది. పొద్దున్నే వచ్చి గడపలోనే నిలబడ్డాడు. చెడ్డవాడని అనను. ఇంటి పెద్ద, పరువంటే ప్రాణం. "చూడు శకుంతలా, ఇన్నాళ్ళూ నేనేమీ అనలేదు. ఊరూళ్ళ జనం వస్తారంట. నలుగురి ముందర నీ మిషన్ ఆగిపోయి, మన ఇంటి ఆడమనిషి నగుబాటు అయితే నేను బజార్లో తలెత్తుకోలేను. అట్ల అయిందో, ఆ మర్నాడే ఈడ చింతపండు మూటలు దిగుతాయి. గోడౌను ఇంకా ఉమ్మడిదే, మరిచిపోవద్దు," అన్నాడు.

"ఆగకపోతే?" అంది ఆమె తల వంచుకునే.

"ఆగకపోతే నీ ఇష్టం. ఇంక ఈ గోడౌను మాట నా నోట రాదు."

ఆయన వెళ్ళాక ఆమె పెద్దమిషన్ తెరను కొంగుతో తుడిచింది. ఆ గోడౌను ఆమెకు ఏమిటో నాకు తెలుసు. శెట్టిగారు పోయాక ఆమెను వంటింట్లో ఒక మూల కూర్చోబెట్టాలని చూశారు. శుభకార్యాలకు ముందు నిలబడకూడదన్నారు. ఆమె నిలబడగలిగిన చోటు భూమ్మీద ఆ గది ఒక్కటే. శెట్టిగారు బతికినన్నాళ్ళూ ప్రతి శుక్రవారం కొట్లో మూలమూలకీ సాంబ్రాణి పొగ వేసేవాడట. ఆయన తర్వాత ఆ పని ఆమె చేపట్టింది. ఆడవాళ్ళు, అందులోనూ భర్తపోయినవాళ్ళు కొట్లో పూజ ఏమిటని గొణిగారు. ఈమె వినలేదు. సున్నం కొట్టించి కంప్యూటర్లు పెట్టిన తర్వాత కూడా శుక్రవారం వచ్చిందంటే నిప్పుల పాత్ర పట్టుకుని ఒక్కొక్క కంప్యూటర్ ముందూ వంగి, పొగ దాని ఒళ్ళంతా తగిలేలా విసనకర్రతో విసిరేది. పెద్దమిషన్ ముందు మరి కాస్త ఎక్కువసేపు. ఆ సమయంలో ఆమె ముఖంలో ఒక శాంతి కనపడేది. నేను ఆ పొగలో కళ్ళు తుడుచుకుంటూ నిలబడేదాన్ని. మా సెంటరంతా గుడిలా ఘుమఘుమలాడుతుందని గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

పందెం ఆదివారం. ఆ వారమంతా నేనూ ఆమే ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చాం. పక్క కంప్యూటర్ తెర తెచ్చి దీనికి తగిలించాను. ఆమె ఆడింది. సొరంగంలో మిణుకు. అయితే తెర తప్పు కాదు. కేబుల్ మార్చాను, మళ్ళీ మిణుకు. పాత డ్రైవర్ వేశాను, మిణుకు. కార్డునే పీకి, పక్క కంప్యూటర్లో పెట్టాను. కాసేపు ఆడాక అక్కడా ఈటెలు మొలిచాయి. "అయితే జబ్బు పలకతో పాటు పోయింది," అంది ఆమె. అవును, జబ్బు కార్డుదే. ఇక కార్డు కాలిపోతోందేమో, కొత్తది కొనాలేమో అనుకున్నాను. అనుకున్నది చెప్పకుండా నోరు మూసుకుని కార్డును మళ్ళీ పెద్దమిషన్లో బిగించాను. ఈసారి మార్చింది ఒక్కటే. కంప్యూటర్ పక్క మూత తీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాను. ఆమె ఆడింది. సొరంగంలోకి దూరింది. తెర నీళ్ళలా తేటగా ఉంది. అటువైపు బయటికి వచ్చింది!

"ఏం చూసినావు?" అంది నా వైపు తిరిగి.

"గాలి తగిలితే బాగుండాదమ్మా. అంటే వేడి."

కంప్యూటర్ ఆపి, కార్డు బయటికి తీశాను. దాని చిన్న ఫ్యానును వేలితో తిప్పితే బంకలో ఇరుక్కున్నట్టు భారంగా కదిలింది. ఫ్యాను కింద వేడిని బయటికి పంపే సన్నని రేకులు ఉంటాయి. వాటి మధ్య సందు అన్నదే లేదు. గోడౌను దుమ్ము, దాని మీద నల్లటి జిగురు, మళ్ళీ దుమ్ము, మళ్ళీ జిగురు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సాంబ్రాణి.

ప్రతి శుక్రవారం ఆమె భక్తిగా విసిరిన పొగను ఫ్యాన్లు లోపలికి పీల్చుకున్నాయి. మిగతా వాటిల్లో ఇంత వేడెక్కే కార్డు లేదు కాబట్టి తట్టుకున్నాయి. సొరంగంలో అన్ని దీపాలూ ఒకేసారి గీయాల్సి వచ్చేసరికి కార్డు మరీ వేడెక్కి పెద్దమిషన్‌కు ఊపిరాడలేదు. ఇది నేను ఎవరికి చెప్పాలి? నీ భర్త జ్ఞాపకంగా నువ్వు పట్టుదలగా చేస్తున్న పనే నీ సెంటరును ముంచుతోందని ఆమె ముఖం మీద చెప్పాలా? గొణిగిన వాళ్ళందరికీ నేను కూడా తోడయినట్టు ఉండదా? శుభ్రం చేసేసి, దుమ్మని చెప్పి ఊరుకుందామా అనిపించింది. కానీ మర్నాడు శుక్రవారం. ఆమె మళ్ళీ పొగ వేస్తుంది. దుమ్మని చెప్పి తప్పించుకుంటే మళ్ళీ మొదటికే వస్తుంది.

ఆమె నన్నే చూస్తోంది. "యేమైంది పాపా? ముఖం అట్ల పెట్టుకున్నావు యాల?"

"ఏం లేదమ్మా..."

"ఏం లేకుంటే కన్నీళ్ళు యాల వస్తాయి? కూర్చో ముందు." స్టూలు లాగి నన్ను కూర్చోబెట్టింది. ఇంట్లోంచి తెచ్చుకున్న బొరుగుల ఉగ్గాని గిన్నె నా చేతిలో పెట్టింది. "తిను. తిని, చూసింది చెప్పు."

రెండు ముద్దలు తిన్నాను. కార్డు ఆమె చేతికిచ్చి, "వాసన చూడమ్మా," అన్నాను.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని, ఆ నల్లటి జిగురును గోటితో గీకి, ముక్కు దగ్గరికి తీసుకుంది. అంతసేపూ నేను ఆమె ముఖం వైపు చూడలేకపోయాను. ఉన్నట్టుండి నవ్వు వినపడింది. నవ్వుతోంది, కళ్ళలోంచి నీళ్ళు కూడా కారుతున్నాయి. "శెట్టిగారికి సాంబ్రాణి అంటే పడి చచ్చేంత ఇష్టం. దీనికి నిజంగానే పడి చచ్చేంత ఆయె! నేనే నా చేత్తో దీని ముక్కులు మూస్తి గదే. మంచిపని చేసినావు చెప్పి. ఎవరూ చెప్పకుంటే నాకెట్ల తెలుస్తాది?" అని నా వీపు మీద చరిచింది. ఆ దెబ్బకు ఉగ్గాని గొంతుకు అడ్డం పడింది. నాకు జీవితంలో అంత హాయైన దెబ్బ ఇంకొకటి తగల్లేదు.

కుట్టుమిషన్ నూనె, పాత పళ్ళబ్రష్షు, గుడ్డపేలికలు. ఇద్దరం కూర్చుని రేకుల మధ్య జిగురంతా తోమాం. అంట్లు తోమడంలో ఆమె ముందు నేనేపాటి? ఫ్యానుకు చుక్క నూనె వేసి తిప్పితే గిర్రున తిరిగింది. మూత బిగించి, టేబుల్ ఫ్యాను తీసేసి, వరసగా పందెం మీద పందెం ఆడించాం. తెర ఒక్కసారి కూడా రెప్ప వేయలేదు. శుక్రవారం ఆమె సాంబ్రాణి మానలేదు. గడప బయట నిలబడి, వీధి వైపు పొగ వేసి, గడపకు దణ్ణం పెట్టి లోపలికి వచ్చింది. "ఆయనకు ఈడ్నుంచి అందదా యేం?" అంది.

ఆదివారం జనం పోటెత్తారు. ధర్మవరం నుంచి పట్టుచీరల వ్యాపారి కొడుకు నవీన్ చేతులకు గ్లవుజులు వేసుకుని మరీ వచ్చాడు. పెనుకొండ వాడు మా వీధి వాడే, నన్ను చూసి మొహమాటంగా నవ్వాడు. ఆట మొదలవుతుందనగా జనం పక్కకు తప్పుకున్నారు. రామయ్యశెట్టి వస్తున్నాడు. రెండు చేతులతో ఇంత పెద్ద సాంబ్రాణి పాత్ర, కుప్పలు కుప్పలుగా పొగ. పెద్దరికంగా, ఇంటి పరువు కోసం, మిషన్‌కు స్వయంగా పూజ చేద్దామని వస్తున్నాడు పాపం.

శకుంతలమ్మ కుర్చీలోంచి లేచింది. బావగారి ముందు ఏనాడూ తలెత్తి మాట్లాడని మనిషి, పోయి గడపకు అడ్డంగా నిలబడింది. "బావగారూ, ఆడనే ఉండల్ల. పొగ లోపలికి రాకూడదు."

"దేవుని పొగ వద్దంటావా?" అన్నాడాయన, ముఖం ఎర్రబడి.

"ఇన్నాళ్ళూ నేనే వేస్తి. దాంతోనే మిషన్ చెడె. నేను చేసిన తప్పు మీతో చేయించను. గడపకు వేయండి, ఇంటికి మేలైతాది." ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత ఏమనుకున్నాడో, గడపకు పొగ చూపించి, పాత్ర వీధిలో దించి, చెప్పులు విడిచి లోపలికి వచ్చి గోడవారగా నిలబడ్డాడు.

పెనుకొండ అబ్బాయి ఆడాడు. నవీన్ ఆడాడు, చాలా బాగా ఆడాడు, నిజం చెప్పాలి. పొద్దుటి నుంచి ఆగకుండా నడుస్తున్న పెద్దమిషన్ అప్పటికి బాగా వేడెక్కి ఉంటుంది. చివరగా శకుంతలమ్మ కూర్చుంది. కొంగు నడుముకు దోపింది. కారు వానలో దూసుకుపోయింది. ఆమె కుడికి ఒరిగితే మేమంతా కుడికి ఒరిగాం. సొరంగం వచ్చింది. నా కళ్ళు కారు మీద లేవు, తెర మూలల మీద ఉన్నాయి. దీపాలు ఒకదాని తర్వాత ఒకటి ఆమె కళ్ళజోడులో మెరుస్తూ వెనక్కి పోయాయి. మిణుకు లేదు. గీత లేదు. కారు అటువైపు వెలుతురులోకి వచ్చింది. ఆఖరి మలుపు దగ్గర ఆమె ముఖం వైపు చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. నవీన్ కంటే రెప్పపాటు తక్కువ సమయంలో గీత దాటింది.

ఆ అరుపులకు మార్కెట్లో హమాలీలు మూటలు దించి పరుగెత్తుకొచ్చారు. నవీన్ గ్లవుజులు విప్పి ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టాడు. రామయ్యశెట్టి గొంతు సవరించుకుని, "మిషన్ బాగుండాది," అన్నాడు. "మిషన్‌కు ఏం తెలుసు బావగారూ, దాన్ని బాగు చేసింది ఈ పిల్ల. నా తప్పు నా ముఖాన చెప్పింది కాబట్టి బాగైంది," అంది ఆమె, నన్ను అందరి ముందుకూ లాగి. ఆ మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఆయన వచ్చి కుర్చీలో కూర్చుని, "ఏమ్మే, దీన్ని ఎట్ల నడపల్ల?" అని నన్ను అడిగాడు. కారు తీసుకుపోయి మొదటి మలుపులోనే గోడకు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. చింతపండు మూటల ఊసు ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

ఇప్పుడు నా షాపులో ఇద్దరు ఆడపిల్లలు పని నేర్చుకుంటున్నారు. నాకు కోపం ఎక్కువని వాళ్ళు చాటుగా అనుకుంటారు, నిజమే. నిన్న వాళ్ళలో ఒకమ్మాయి చేతులు నలుపుకుంటూ వచ్చింది. మొన్న నేను దుమ్ము దులిపి, కొత్త ఫ్యాను బిగించి ఇచ్చిన ఆ చీరల డిజైన్ల ఆయన కంప్యూటర్ మళ్ళీ వేడెక్కుతోందట. "అక్కా, తప్పుగా అనుకోవద్దు. నువ్వు బిగించిన ఫ్యాను తిరగబడి ఉండాది. గాలి బయటికి పోకుండా లోపలికే వస్తాండాది," అంది. ఒక్క క్షణం ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళుగా ఫ్యాన్లు బిగిస్తున్న దాన్ని, నేను తిరగేసి బిగిస్తానా! నోటిదాకా వచ్చిన మాటను మింగి, స్టూలు జరిపి, "కూర్చో," అన్నాను. టిఫిన్ డబ్బా ఆ పిల్ల ముందుకు తోశాను. పోయి చూశాను. ఆ పిల్ల చెప్పింది నిజమే. ఆమె తింటూ చూస్తుండగానే మరలు విప్పి, ఫ్యాను సరైన వైపుకు తిప్పి బిగించాను.